ఇంజన్ లైటూ, నా డ్రైవింగూ

మా కారు మీటర్లో పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది దసరా పోయి దీపావళి రాకముందు. నాగర్‌కర్నూలు దగ్గర నేను ఫిజిక్స్ చెప్పే జూనియర్ కాలేజీకి వనపర్తి నుంచి పోతున్న. గోపాల్‌పేట దాటినంక వెలిగిన బొమ్మ కాలేజీ గేటు దాకా ఆరలేదు. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పిన. ఆయన కారు దిక్కు చూడలేదు, నా దిక్కు చూసిండు.

"ఏం జేసినవే?" అన్నడు.

బండికి ఏమైంది అని అడగొచ్చు. లైటు ఎందుకు వెలిగింది అని అడగొచ్చు. అవేమీ కాదు, నేనేం జేసిన్నో కావాలె ఆయనకు.

ఆ కారు సెకండ్‌హ్యాండుదే, చిన్నదే. కానీ నా జీతం మీద లోను తీసి నా పేరు మీద కొన్న కారు. అంతకుముందు బస్సు. బస్సు దొరకదని ప్రాక్టికల్స్ నడుమ వదిలేసి, కొంగు నడుముకు చెక్కుకొని బస్టాండుకు ఉరికిన రోజులు నాకు యాదున్నయి. కారు వచ్చినంక ఆడపిల్లలకు సాయంత్రం ఇంకొంతసేపు లెక్కలు చేయించి, చీకటి పడేలోగ ఇల్లు చేరుతున్న. ఆ బండి పోతే నేను మళ్లీ ఆ బస్సు ఫుట్‌బోర్డు మీదికే. మా ఆయనకు మాత్రం ఆఫీసు ఇంటెనుక సందులనే, స్కూటరు చాలు.

లైటు వెలిగినప్పటి నుంచి బండి పెట్రోలు తాగుడు మొదలుపెట్టింది. సైలెన్సర్ దగ్గర నిలబడితే పచ్చి పెట్రోలు వాసన. ఊళ్లె మెకానిక్ దగ్గరికి ఇద్దరం పోయినం. ఆయన బానెట్ ఎత్తి, ప్లగ్గులు ఊదిపెట్టి, మా ఆయనను అడిగిండు: "మేడం క్లచ్ మీద కాలు పెట్టే నడుపుతరా సార్?"

"నన్ను అడుగు నాయనా, కాలు నాది," అన్న.

ఆయన నవ్వి మళ్లీ మా ఆయననే అడిగిండు: "ఫస్ట్ గేర్ల ఎక్కువ గుంజుతరా సార్?"

మా ఆయన ఎన్నడూ నా పక్క సీట్లో కూసొని కాలేజీకి రాలేదు. అయినా గంభీరంగ తల ఊపిండు. "ఆఁ, జర గుంజుతది."

అక్కడ పని కాక పాలమూరు షోరూంకు తీసుకపోయినం. వాళ్లు స్టీరింగు కింద వైరు గుచ్చి కంప్యూటర్ల చూసి, ఆక్సిజన్ సెన్సార్ సర్క్యూట్‌ల లోపం ఉందన్నరు. సెన్సార్ అంటే పొగగొట్టానికి బిగించిన ముక్కు లాంటిది. పొగను వాసన చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో ఒక వోల్టు కూడ లేని చిన్న కరెంటుతోని ఇంజన్ కంప్యూటర్‌కు చెప్తది. ఆ మాట అందకపోతే కంప్యూటర్ గుడ్డిగ పెట్రోలు పోస్తుంటది. సరే, కొత్త సెన్సార్ వేసిండ్రు. వారం తిరగకముందే లైటు మళ్లీ వెలిగింది.

మళ్లీ పోతే, "ఇంజన్ కంప్యూటరే పోయినట్టుంది సార్" అన్నరు. దాని ధర విని మా ఆయన మొహం వేలాడేసిండు. షోరూమాయన ఓదార్చిండు: "లేడీస్ నడిపే బండ్లకు గిట్ల అయితుంటది సార్."

నా ఒళ్లు మండింది. సర్క్యూట్ అని వాళ్ల కంప్యూటరే చెప్పింది గద. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటేనా? సెన్సార్ ఉన్నది, వైరు ఉన్నది, నడుమ జాయింటు ఉన్నది, ఆ చివరన కంప్యూటర్ ఉన్నది. బల్బు వెలగలేదని బల్బు మార్చి, అయినా వెలగలేదని సబ్‌స్టేషన్ మార్చమన్నట్టుంది వీళ్ల కథ. హోల్డర్ ఎవడన్న చూసిండా? ఈ ముక్క ఇంటర్ పిల్ల రాస్తే మార్కులు వేస్త. అక్కడ నేనే చెప్తే, "మేడం, మీరు ఏసీ రూంల కూసోండ్రి" అన్నరు.

బండిని అట్లనే ఇంటికి తెచ్చినం. రెండు రోజులైనంక మా ఆయన అన్నం తినుకుంట చెప్పిండు. "అయిజ నుంచి ఒకాయన వస్తుండు ఆదివారం. పత్తి విత్తనాల దుకాణం ఉన్నది. ఎట్లున్న బండి అట్లనే తీసుకపోతడంట."

"ఏ బండి?"

"మన బండే."

"మన బండి ఎప్పుడైంది? లోను కోత పడ్డప్పుడు నీ బండే అంటివి గద."

"నీకు నడుపుడు చేత గాదే. ఊకె పరేషాన్ ఎందుకు? బస్సుల పో, పానం సల్లగుంటది."

అమ్మేటోడు ఆయన, కొనేటోడు ఇంకో ఆయన. సంతకం పెట్టేటిది నేనైనా నన్నెవ్వరూ అడిగింది లేదు. సంతకం ఎక్కడికి పోతది, వంటింట్లనే ఉంటది గద అనుకున్నరు.

శనివారం కాలేజీ ల్యాబు నుంచి మల్టీమీటర్, స్పిరిట్ సీసా ఇంటికి తెచ్చుకున్న. వాకిట్ల కారు నిలబెట్టి, ఇంజన్ నడవనిచ్చి, బాగ వేడెక్కినంక బానెట్ ఎత్తిన. సెన్సార్ నుంచి నాలుగు వైర్లు వచ్చి ఒక నల్ల ప్లాస్టిక్ జాయింటుల కలుస్తయి. అందుల రెండు సెన్సార్‌ను వెచ్చబెట్టేటివి, రెండు మాట మోసేటివి. మాట మోసే వైరు పక్కన సన్నటి పిన్ను దూర్చి, జాయింటుకు సెన్సార్ ఉన్న దిక్కు మీటర్ పెట్టిన. అంకెలు కిందికి మీదికి ఆడుతున్నయి. సెన్సార్ సలక్షణంగ ఉన్నది. జాయింటుకు అవతల, కంప్యూటర్ దిక్కు పెట్టిన. అంకె కదలదు. ఇవతల పుట్టిన మాట అవతలికి పోతలేదు. జాయింటును చేత్తోని ఊపితే అంకె ఒక్కసారి ఎగిరి మళ్లీ పడుకున్నది.

ఇంజన్ బంద్ చేసి జాయింటు ఇప్పిన. వైర్ల దిక్కు సగంల, పిన్నుల చుట్టూ ఆకుపచ్చ చిలుము. దాని మీద, సందులన్నిట్ల, ఎండి గడ్డకట్టిన పసుపు. పక్కన ఇంత కుంకుమ.

దసరా నాడు మా ఆయన పట్టుపంచె కట్టుకొని, బానెట్ ఎత్తి, బోరు పైపుతోని ఇంజన్‌కు తలస్నానం చేయించింది కండ్ల ముందు కదిలింది. మా బోరు నీళ్లు ఎంత ఉప్పంటే బకెట్లు తెల్లగ పూసిపోతయి. ఆ తడి మీదనే కనపడ్డ ప్రతి నల్ల డబ్బాకు పసుపు పూసిండు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు గూడ ఇంజన్ మీదనే పోసిండు.

ఇంకా కోపం ఎక్కడొచ్చిందంటే, కొత్త సెన్సార్ బిగించినోడు ఈ జాయింటు ఇప్పకుంట బిగించలేడు. ఇప్పిండు. పసుపును చూసిండు. దండం పెట్టి మూసిండు గావచ్చు. మూసి, ఆడమనిషి నడుపుడు మంచిగ లేదన్నడు.

మా ఆయనను పిలిచి చూపిన. "చూడు. నా క్లచ్ కాలు ఇక్కడిదాక వచ్చిందా?"

ఆయన వంగి చూసి, "దేవుని పసుపు తప్పంటవా?" అన్నడు.

"దేవుణ్ని నడుమకు తేకు. బోరు పైపు పట్టుకొని దేవుడు రాలే, నువ్వు వచ్చినవ్."

"అందరం పూజ జేస్తం. అందరి బండ్లు మంచిగనే ఉన్నయి గద?"

"వాళ్లు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిండ్రు. నీ తీరుగ ఇంజన్‌కు అభిషేకం చేయలే."

ఆయన లోపలికి పోయిండు. నేను పాత పండ్ల బ్రష్షుతోని, స్పిరిట్‌తోని పిన్నులు కడిగి, ఆరబెట్టి, వదులైనవి బిగించి జాయింటు కలిపిన. మీటర్ పెడితే రెండు దిక్కులా అంకెలు ఒక్కతీరుగ ఆడినయి. కంప్యూటర్ పాత తప్పును మరిచేటట్టు బ్యాటరీ వైరు కొంతసేపు తీసి మళ్లీ పెట్టిన, లైటు పోయింది.

ఆదివారం పొద్దున శ్రీరంగాపూర్ దాకా నడిపి చూసిన. లైటు వెలగలేదు, పెట్రోలు వాసన లేదు. తిరిగి వచ్చేవరకు అయిజ ఆయన మా వరండాల కూసొని చాయ్ తాగుతుండు. మా ఆయన మంచి హుషారుగ ఉన్నడు.

"లైటు గూడ పోయింది. ఇప్పుడు బండి ఫస్ట్‌క్లాస్. రేటు జర ఆలోచించాలె మరి."

"రిపేరి ఎవరు జేసిండ్రు సార్?" అని అడిగిండు అయిజ ఆయన.

"చేయించినం," అన్నడు మా ఆయన.

చేయించిండట! నిన్న సాయంత్రం దాకా నాకు నడుపుడు చేత గాదని అమ్మకానికి పెట్టిన బండి. నా చేతికి ఇంకా చిలుము వాసన పోలేదు.

"ఎవరితోని చేయించినవ్? పేరు చెప్పు, నేను గూడ ఒకసారి చూస్త," అన్న.

మా ఆయన తన చాయ్ కప్పుల చూసిండు. అయిజ ఆయన తెలివైనోడు, ఇటు తిరిగిండు. "అక్కా, మరి బండి..."

"బండి నా పేరు మీదున్నది తమ్మీ. అమ్మేది లేదు. చాయ్ తాగి పో, ఇంకింత కావాల్నంటే పోస్త."

ఆయన నిజంగనే ఇంకో కప్పు తాగి పోయిండు. సోమవారం నేను గోపాల్‌పేట మీదుగ కాలేజీకి పోయిన, ప్రాక్టికల్స్ ఆఖరి దాకా చేయించిన.

ఊళ్లె మెకానిక్ నన్ను చూసినప్పుడల్ల ఇప్పటికీ అడుగుతడు, "సార్ బండి ఎట్లున్నది మేడం?" అని. మా ఆయన ఇప్పటికీ ఎవరన్న వస్తే, ఆ బండికి ఏదో చిన్న వైరు ప్రాబ్లం వచ్చిందని చెప్తడు. వైరుకు ప్రాబ్లం ఎట్ల వచ్చిందో చెప్పడు.

మరుసటి దసరాకు పట్టుపంచె కట్టుకొని పసుపు గిన్నెతోని వచ్చి కారు ముందర నిలబడ్డడు. అద్దానికి బొట్టు పెట్టుకో, బంతిపూల దండ ఏసుకో, అన్న. బానెట్ తెరిచే మీట కారు లోపల ఉంటది. కారు తాళం నా దగ్గర ఉంటది.