గడ్డిమందు కొట్టిన మా చిన్నాయన

మా చిన్నాయన పోయారు. గిద్దలూరు దగ్గర ఒక బత్తాయి తోటలో గడ్డిమందు కొడుతూ కూలబడ్డారట. మార్కాపురం ఆసుపత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆ మాట ఫోనులో విన్నప్పుడు నేను ల్యాబులో ఉన్నాను. ఏడుపు కంటే ముందు సిగ్గేసింది.

ఎందుకంటే నా పరిశోధనే అది. మెదడు రక్తనాళాల కణాలను చిన్న పళ్ళేల్లో పెంచి, వాటికి గడ్డిమందు తగిలిస్తాం. దెబ్బతిన్న కణాలు కంటికి కనబడనంత చిన్న బుడగలను వదులుతాయి. ఆ బుడగలను బట్టి నాళం పాడవుతోందని ముందే పసిగట్టవచ్చేమోనని చూస్తున్నాం.

ఇదంతా ఒకసారి చిన్నాయనకు చెప్పాను. "అంటే, కష్టమొస్తే నరానికి గూడా చెమట పడతదన్నమాట!" అన్నారు. వెంటనే చొక్కా చెయ్యి పైకి మడిచి, "నా నెత్తురు తీస్కపో పాపా, చూసి చెప్పు" అన్నారు. మేమింకా మనుషుల దాకా రాలేదన్నాను. "సరేలే, నేనేడికి పోతా" అని నవ్వారు. పళ్ళెంలోని కణాలకు కాస్త వేడి తగ్గితే చాలు, నేను పరుగెత్తుతాను. ఆయనేమో వీపున మోసే మందు ట్యాంకు నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదేవారు.

మందు కొట్టేటప్పుడు చేతులకు వేసుకొమ్మని తెల్ల గ్లౌజుల పెట్టె తెచ్చిచ్చాను. క్రిస్మస్‌కు చర్చిలో చూద్దును కదా, అవి తొడుక్కుని విందులో కూర వడ్డిస్తున్నారు! కోప్పడ్డాను.

"అట్ల గాదు పాపా. ఎంత కడిగినా నా చేతులు మందు వాసనొస్తయి. జనం తినే కూడు గదా."

గ్లౌజులు ఎదుటివాళ్ళను కాపాడటానికని ఆయన నమ్మకం.

చిన్నాయన పోయినందుకు ఇంట్లో పెట్టిన ఆదరణ కూటం ముగిసి పాస్టరుగారు వెళ్ళాక చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మీ చిన్నాయనను ఆ మందే తీస్కపోయిందా? తమ్ముడు రేపట్నించి అదే తోటకు పోతాడంట. నువ్వు జెప్తే ఆగుతాడు."

మందేనని చెప్పేయాలనిపించింది. కానీ పళ్ళెంలో చూసినదాన్ని మనిషికి ఎలా అంటగట్టను? బీపీ కావచ్చు, ఎండ కావచ్చు.

"ఆ మందు ప్రమాదమే చిన్నమ్మా. కానీ దానివల్లే పోయారని గట్టిగా చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పగూడదా?" అంది చిన్నమ్మ.

మా మాటలు వింటూ వచ్చిన ఆమె కొడుకు, నా తమ్ముడు, అందుకున్నాడు. "చెప్పలేనంటివి గదక్కా. ఇంక పని మానుకోమంటే ఎట్ల?"

మళ్ళీ చెప్పి చూద్దామని మర్నాడు వాడి వెంట తోట దాకా వెళ్ళాను. వాడు వినలేదు. నిండిన ట్యాంకును ఒక్కరే వీపుకెత్తుకోవడం కష్టం. చిన్నాయనకు ఎప్పుడూ చిన్నమ్మే తోడు పట్టేది. ఆమె కూడా వచ్చింది గానీ, గట్టు మీద మొహం తిప్పుకుని కూర్చుంది.

"అక్కా, కొంచెం పట్టు" అన్నాడు.

పట్టాను. పట్టీ వాడి భుజానికి సర్దాను కూడా. వాడు చెట్ల వరుసలోకి నడుస్తుంటే, మూత సందులోంచి కారిన మందు చొక్కా వీపున తడి మరకై కిందికి దిగుతోంది.