కొల్లేట్లో తెరచాప పడవ, లంకలో భోజనం

కొల్లేరు చూసొద్దామన్నది మావారి ఆలోచన. ఆయన అక్క, మా కనకం వదిన, అత్తిలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. మా అత్తగారు పోయిన రోజున వదిన నలుగురిలో, "శారద మా అమ్మని సరిగ్గా చూసుకోలేదు" అనేసింది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటలు ముక్తసరే. ముగ్గురం ఒక పూట నీళ్ళ మీద తిరిగొస్తే ఏమైనా మారుతుందని ఆయన ఆశ.

తీరా తాడేపల్లిగూడెం స్టేషన్లో టిక్కెట్లు తీసుకున్నాక, కోత మిషను ఈరోజే మా చేలోకి వస్తోందని ఫోనొచ్చింది. ఆయన ఆగిపోయారు. ఏడు గంటల పాసింజరు మేమిద్దరమే ఎక్కాం. మా మధ్య ఖాళీ చూసి ఎదుటి సీట్లో పెద్దావిడ, "మీరు వేరువేరుగా వెళ్తున్నారాండీ?" అని అడిగింది.

"కలిసేనండి," అంది వదిన, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

ఏలూరులో దిగి, స్టేషను ఎదుట ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాం. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. అసలు కొల్లేరు ఎక్కడ మొదలైందో తెలియలేదు. గట్టు చివర పడవ యజమాని సుబ్బారాయుడుగారు మాకోసం చూస్తున్నారు. వెళ్ళాలనుకునేవాళ్ళు మాలాగే ముందు రోజు ఫోన్లో అద్దె మాట్లాడుకుంటే మంచిది, చలికాలమైతే పక్షులుంటాయి. అక్కడ ఇంజను పడవలూ ఉన్నాయి గానీ, ఈయనది తెరచాప పడవ. చప్పుడైతే పిట్టలు లేచిపోతాయని ఆయన చెప్పారు.

నిజమే. గూడబాతుల గుంపుకి చాలా దగ్గరగా వెళ్ళినా అవి కదల్లేదు. పడవ అంచుని బిగించి పట్టుకున్న వదిన, వాటిని చూస్తూ ఎప్పుడు చెయ్యి వదిలేసిందో తనకే తెలియదు.

పదకొండు దాటాక గాలి ఎదురు తిరిగింది. తగ్గేదాకా ఆగాలని, తన ఇల్లు పక్క లంకలోనే ఉందని, భోజనానికి రమ్మని సుబ్బారాయుడుగారు పిలిచారు. మేం మొహమాటపడ్డాం. ఆయన అప్పటికే చుక్కాని తిప్పేశారు.

ఆయన భార్య నాగమణి కాళ్ళకి నీళ్ళిచ్చి, చాప పరిచింది. "ఏమీ చెయ్యలేదండి, చేపల పులుసే," అంటూనే మాకోసం నాలుగు ముక్కలు వేయించింది. నా పక్కన నాగమణి అత్తగారిని కూర్చోబెట్టారు. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. కంచంలో చెయ్యి పెట్టి, నాగమణి వచ్చి ముళ్ళు తీసిపెడుతుందని ఎదురుచూస్తోంది. నాగమణేమో మాకు వడ్డించే హడావిడిలో ఉంది. నేను ఆవిడ కంచం నా వైపు జరుపుకుని, ముళ్ళు తీసి, ముద్దలు కలిపి ఒక్కొక్కటే చేతిలో పెట్టాను. ఆవిడ నెమ్మదిగా తింటూ, "ఇది అలవాటున్న చెయ్యమ్మా," అంది.

వదిన తినడం ఆపేసింది.

"అమ్మకీ ఇలాగే పెట్టేదానివా?"

"చివరి ఏడాదంతా ఇలాగేనండి."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు అడగలేదు వదినా."

నాగమణి పెరుగు తెచ్చింది. వదిన వద్దని తలూపింది. తర్వాత మళ్ళీ పిలిచి వేయించుకుంది.

మధ్యాహ్నం గాలి తగ్గాక బయల్దేరాం. డబ్బివ్వబోతే నాగమణి నొచ్చుకుంది. పడవ అద్దె వేరు, భోజనం వేరట. మా ఇద్దరికీ బొట్టు పెట్టి, రేవుదాకా వచ్చి సాగనంపింది. కొల్లేరు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: ఎవరైనా భోజనానికి రమ్మంటే మొహమాటపడకండి.

సాయంత్రం ఏలూరులో రైలెక్కితే కిటకిటలాడుతోంది. వదిన నా పక్కనే ఇరుక్కుని కూర్చుంది. రైలు కదిలాక ఫోను తీసి వాళ్ళ చెల్లెలికి కలిపింది. జనం వింటున్నారన్న సంకోచం ఏమీ లేకుండా గట్టిగానే మాట్లాడింది.

"ఆ రోజు అందరిలో నేనో మాటన్నానే, అది తప్పు. అమ్మని శారద ముళ్ళు తీసి, ముద్దలు పెట్టి చూసుకుంది. మనవాళ్ళందరికీ నేనే ఫోన్ చేసి చెబుతాను. ముందు నీకు చెబుతున్నాను."

అవతల ఆవిడ ఏమందో నాకు వినబడలేదు. వదిన కళ్ళు తుడుచుకుని, ఫోను నా చేతిలో పెట్టింది.

"ఇదిగో, నీతో మాట్లాడుతుందట," అంది.