ఆగ్నేయ మూల కంచె

మెల్బోర్న్ శివారు ట్రుగనీనాలో రాధాకృష్ణ ఇల్లు తూర్పు ముఖంగా ఉంటుంది. ఆ తూర్పు కోసం ఆయన దిక్సూచి జేబులో పెట్టుకుని ఏళ్ల తరబడి స్థలాలు చూశాడు. సొంతూరు బాపట్ల పక్క, ఉద్యోగం బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో, మతం వాస్తు. ఇంత జాగ్రత్తపరుడికి విధి చేసిన అన్యాయం ఒక్కటే. పెరట్లో బిల్డరు కట్టిన ఒంటిగదికి వాకిలి దక్షిణానికి వచ్చింది. అంటే యమధర్మరాజు వైపు. అద్దెకు చూడవచ్చిన మన కుర్రాళ్లు ఆ వాకిలి ముందు నిలబడి, ఫోన్లో దిక్కు చూసుకుని, "మళ్లీ చెప్తాం అంకుల్" అని వెళ్లిపోయేవారు. మళ్లీ చెప్పినవాడు లేడు.

గది చూడవచ్చిన చులూన్ కూడా అక్కడే నిలబడ్డాడు. ఫోన్ తియ్యలేదు. నేల మీద నీడ చూశాడు, ముఖం విప్పారింది. "దక్షిణం! చాలా మంచిది" అన్నాడు.

తన జీవితంలో ఆ మాట వింటానని రాధాకృష్ణ అనుకోలేదు. నిజాయితీపరుడు కనక ఇంగ్లీషులోనే హెచ్చరించాడు. "చూడు బాబూ, ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు తిరుగుతాడు. నీ గదిలోకి ఎండ రాదు."

"ఉత్తరపు గాలి కూడా రాదు కదా" అన్నాడు చులూన్.

అతను మంగోలియా వాడు. అక్కడ గడ్డిమైదానంలో ప్రతి గుడారానికీ వాకిలి దక్షిణానికే ఉంటుంది. వాయవ్యం నుంచి వచ్చే మంచుగాలికి వీపు చూపించి బతకడమే అక్కడి వాస్తు. అతని తాలూకా పేరు దరిగంగ. దేశానికి ఆగ్నేయపు కొసన, చైనా సరిహద్దుకు దగ్గర. గడ్డి మధ్యలో చల్లారిన అగ్నిపర్వతాలు బోర్లించిన గిన్నెల్లా ఉంటాయి. పక్కనే ఇసుక దిబ్బలు. గడ్డిలో అక్కడక్కడా రాతి మనుషులు చేతిలో గిన్నె పట్టుకుని కూర్చుని ఉంటారు. ఎన్నో వందల ఏళ్ల నాటి వాళ్లు. చాలామందికి తలలు లేవు, అయినా లేచి వెళ్లలేదు. ఒకప్పుడు అక్కడ చైనానేలిన మంచూ వంశపు చక్రవర్తి గుర్రాల మందలు మేసేవి. వాటిని పెంచడమే ఆ జనం కొలువు. చక్రవర్తి వచ్చి చూసినట్టు చులూన్ ఎన్నడూ వినలేదు. పెద్ద యజమానులు పని జరిగేచోటికి రాకపోవడం కొత్త ఆచారమేమీ కాదు. తర్వాత సమష్టి క్షేత్రాలొచ్చాయి, అవీ పోయాయి. మందలు మాత్రం ఎవరివో ఒకరివిగా మేస్తూనే ఉన్నాయి.

అక్కడ గంగ అనే సరస్సు కూడా ఉంది. శరదృతువులో హంసలు దిగుతాయి. ఈ మాట వినగానే రాధాకృష్ణ కుర్చీలో ముందుకు జరిగాడు.

"గంగ అంటే మనదేగా! శ్యామా, విన్నావా? మంగోలియా దాకా మనవాళ్లే!"

"మీరూరుకోండి" అంది శ్యామసుందరి టీ కప్పులు పెడుతూ. "నీళ్లు కనపడితే చాలు మనదంటారు. నిండుగా ఉంటుందా నాయనా?"

"ఎండిపోతోంది ఆంటీ" అన్నాడు చులూన్.

"అయితే మనదే" అంది ఆవిడ.

చులూన్ చదువుకుందామని వచ్చి కంచెల మేస్త్రి అయ్యాడు. మెల్బోర్న్ పడమటి వైపు ఒకప్పుడు గడ్డిమైదానమే. ఇప్పుడక్కడ ఇళ్లు మొలుస్తున్నాయి, ఇంటికి నాలుగు వైపులా కంచె మొలవాలి. గుంజ పాతాలంటే మాత్రం జానెడు లోతులో నల్లబండ తగులుతుంది. అది పాత లావా. మేస్త్రీలందరూ దాన్ని బూతులు తిట్టేవారు. చులూన్ తిట్టేవాడు కాదు. "మా ఊళ్లోనూ ఇదే రాయి. అక్కడ దీని మీద కూర్చునేవాణ్ణి" అనేవాడు.

"మీ ఊళ్లో ఫెన్సులెలా వేస్తారు మరి?" అని రాధాకృష్ణ ఓసారి అడిగాడు.

"మా ఊళ్లో కంచె ఒక్కటే. సరిహద్దుది."

గుర్రాలూ గొర్రెలూ తమ్ముడు ఎర్దెనె చేతిలో ఉన్నాయి, తల్లి వాడి దగ్గరే. చులూన్ ఎప్పటికైనా వెనక్కి పోవలసినవాడే. ఎప్పుడని అడిగితే, "గుర్రాలున్నంతకాలం ఎప్పుడైనా పోవచ్చు. గుర్రాల్లేని దరిగంగలో నాకేం పని?" అనేవాడు. అతని భవిష్యత్తంతా తమ్ముడి మందలో నాలుగు కాళ్ల మీద నడుస్తూ ఉంది.

ఆ ఏడు అక్కడ జుద్ వచ్చింది. ముందు వేసవిలో గడ్డి సరిగా మొలవదు. తర్వాత విపరీతంగా మంచు కురుస్తుంది, కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టి గడ్డి మీద పెంకులా మూసుకుంటుంది. తిండి కాళ్ల కిందే ఉంటుంది, నోటికి అందదు. పశువులు నిలబడే చచ్చిపోతాయి. దాన్నే జుద్ అంటారు. ఇక్కడ మండే ఎండల్లో చులూన్ ఫోన్ పట్టుకుని ఆ తెల్లటి తెర చూసేవాడు. ముందు గొర్రెలు పోయాయి, తర్వాత ఆవులు. గుర్రాలు మిగిలాయి. "గుర్రం గట్టిది, గిట్టతో మంచు పగలగొట్టుకుంటుంది" అని ఎర్దెనె నవ్వేవాడు. ఆ నవ్వుకు కూడా కనురెప్పల మీద మంచే.

మార్చిలో ఇక్కడ ఒక పెనుగాలికి రాధాకృష్ణ ఇంటి దక్షిణపు కంచె పడిపోయింది. అటు పక్క ఇల్లు వీరసామిది. ఆయన ఫిజీ తెలుగువాడు, బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. తాతల నాటి తెలుగు ఆయన నోట్లో సగమే మిగిలింది. ఆయన కుక్క రాజా శ్యామసుందరి కొత్తిమీర మడిలో పడుకునేది. ఆ విషయమై రెండిళ్ల మధ్య దౌత్య సంబంధాలు తెగిపోయి ఉన్నాయి. పడ్డ కంచె ఇద్దరినీ మళ్లీ మాట్లాడించింది.

"మీ boy మంచిగా కడతాడా, bhaiya?" అన్నాడు వీరసామి.

"బ్రహ్మాండంగా కడతాడు. కుక్క కాదు గదా, దాని వాసన కూడా ఇటు రాదు."

"మా రాజాకి వాసన లేదు. Shampoo వేస్తాము."

చులూన్ పడమటి కొస నుంచి పని మొదలుపెట్టాడు. గుంజలు పాతి, పలకలు కొడుతూ తూర్పుకు వస్తున్నాడు. రెండో రోజు ఉదయం తల్లి ఫోన్ చేసింది. తుఫాను వచ్చింది, గుర్రాలు వెళ్లిపోయాయి, ఎర్దెనె వాటి వెనకే వెళ్లాడు, తిరిగి రాలేదు.

శ్యామసుందరి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "వస్తాడులే నాయనా. గుర్రాలు ఎటు పోతాయి?"

"గుర్రాలు తుఫానుకు ఎదురు నిలబడవు ఆంటీ. వీపు ఇచ్చి నడుస్తాయి. వాటి మానాన వదిలేస్తే ఎక్కడో గుట్ట చాటున ఆగుతాయి, బతుకుతాయి."

"మరింకేం, ఆగుతాయి."

చులూన్ సుత్తి పక్కన పెట్టాడు. "గాలి వాయవ్యం నుంచి. అంటే అవి ఆగ్నేయానికి పోతాయి. ఆగ్నేయంలో సరిహద్దు కంచె ఉంది."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. చులూన్ మళ్లీ సుత్తి అందుకున్నాడు. ఆ రోజంతా పలకలు కొట్టిన చప్పుడు ఆగలేదు. మేకు ఒక్కటీ వంకర పోలేదని తర్వాత వీరసామి చెప్పేవాడు. మెచ్చుకోలుగా మాత్రం కాదు.

మర్నాడు మధ్యాహ్నానికి కబురొచ్చింది. గుర్రాలు తీగల కంచెకు ఆనుకుని ఒకదాని మీద ఒకటి పడి గడ్డకట్టుకుపోయాయట. కంచె చెక్కుచెదరలేదట. ఎర్దెనె వాటి మధ్యలో దొరికాడు. వెచ్చదనం కోసం వాటిలోకి దూరి ఉంటాడని సరిహద్దు సైనికులు అన్నారు. 'పోయాడు' అన్న మాట తల్లి వాడలేదు. వాళ్లలో వాడరు. "నీ తమ్ముడు బుద్ధుడయ్యాడు" అంది. చులూన్ ఆ మాటే రాధాకృష్ణకు తర్జుమా చేసి చెప్పాడు.

కంచెలో అప్పటికి ఒక్క పలకల వరుసే మిగిలింది. తూర్పు కొసన, ఇంటికి సరిగ్గా ఆగ్నేయ మూల. పలకలు అక్కడే పేర్చి ఉన్నాయి. చులూన్ పనిముట్లు తుడిచి, ఆ పలకలు మోసుకెళ్లి షెడ్డులో పెట్టి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

సాయంత్రం వీరసామి ఆ ఖాళీ దగ్గర నిలబడ్డాడు. "Bhaiya, ఈ కొస open ఉండిపోయింది. మా రాజా దూరిపోతాది."

"దూరనివ్వండి" అన్నాడు రాధాకృష్ణ.

"మీ వాస్తుకి problem లేదా? ఆ corner bad అని మీరే చెప్పినారు."

ఆగ్నేయంలో గండి ఉంటే ఇంటికి అగ్నిభయం, కలహం, ఇంకా చాలా జరుగుతాయని వాస్తు చెబుతుంది. రాధాకృష్ణ ఆ జాబితా కంఠతా ఎరిగినవాడు.

"ఆ మూల అలాగే ఉండనివ్వండి వీరసామిగారూ" అన్నాడు.

తల్లి ఇప్పుడు జిల్లా పట్నంలో తన చెల్లెలి పంచన ఉంది. చులూన్ వెళ్లలేదు. వెళ్లి చేసేదేముంది, గుడారం కూడా అమ్మేశారు. చుట్టుపక్కల టార్నీట్‌లో, వెర్రిబీలో కొత్త ఇళ్లకు ఇంకా కంచెలే వేస్తున్నాడు. వాటిలో ఎక్కడా ఖాళీ వదలడు, ఇంటివాళ్లు ఒప్పుకోరు. దక్షిణ వాకిలి గది ఖాళీ చెయ్యలేదు. తమ్ముడి గురించి మాట్లాడడు. రాజా మాత్రం రోజూ ఆ సందులోంచి వచ్చి కొత్తిమీరలో పడుకుంటుంది. శ్యామసుందరి తిడుతుంది, తరమదు.

పెద్దగాలి వీచిన రోజున చులూన్ పని నుంచి రాగానే ముందు ఆ మూలకే వెళ్తాడు. గాలికి కొట్టుకొచ్చిన అట్టపెట్టో చెత్తబుట్టో ఖాళీకి అడ్డం పడి ఉంటే తీసి పక్కన పెడతాడు. తర్వాతే బూట్లు విప్పుతాడు.