మా పందిట్లో తొలి తాంబూలం

వేంపల్లెకు దగ్గర్లోని మా ఊళ్ళో పెళ్లంటే, తాళి కట్టే ముందు పందిట్లో పెద్దలకు తాంబూలాలివ్వాలి. అన్నిటికంటే ముందు ఇచ్చేది తొలి తాంబూలం. చూడబోతే నాలుగు ఆకులు, రెండు వక్కలు, ఒక టెంకాయ. అది ఎవరి చేతుల్లో పడితే ఊరికి పెద్ద వాళ్లని లెక్క.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆ లెక్క మా ఇంటి చుట్టూ తిరుగుతోంది. మాది మునసబుల ఇల్లు. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. వీధి చివర కావలోళ్ల ఇల్లు ఉంది. ఆ ఇంటి సంగతి మా అత్త నాకు చెప్పింది, వేరుశెనక్కాయలు ఒలుస్తూ. ఆమెకు వాళ్ల అత్త చెప్పిందట.

పాళెగాళ్ల కాలంలో ఊరిని కాచేది కావలోళ్లే. పంటకూ పశువుకూ వాళ్లే కాపు. ఏదైనా దొంగలెత్తుకుపోతే వెతికి తేవాలి, దొరక్కపోతే తమ ఇంట్లోది ఇవ్వాలి. అందుకే ప్రతి కళ్లంలో ముందు వాళ్లకు గింజలు కొలిచేవాళ్లు, ప్రతి పందిట్లో ముందు వాళ్లకు ఆకులిచ్చేవాళ్లు. తరువాత దొరల పాలన గట్టిపడింది. పోలీసులొచ్చారు. కావలి వద్దన్నారు, ఈటెలు తెచ్చి పెట్టేయమన్నారు. కళ్లంలో గింజలు ఆగిపోయాయి. మునసబు పని మా ఇంటికి ఇచ్చారు. అయినా తొలి తాంబూలం జోలికి ఎవరూ పోలేదు.

అప్పుడు ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చింది. రోడ్లకు రాళ్లు కొట్టే పని పెట్టారు, గంజి పోశారు. ఊళ్లో ఎవరికి పని దొరకాలి, ఎవరికి గంజి అందాలి అన్నది మునసబు మాట మీద నడిచింది. నిన్నటిదాకా ఊరిని కాచిన మనిషి మా వాకిట్లో నిలబడి తన పిల్లలకు గంజి అడిగాడట. కరువు తీరాక మా ఇంట్లో పెళ్లి జరిగింది. ఆనవాయితీ ప్రకారం ఆ కావలి పెద్ద ముందు వరసలో కూర్చుని చేతులు చాచాడు. సరిగ్గా అప్పుడే తాసిల్దారు మనిషి గుర్రం దిగాడు. మునసబు పళ్లెం అటు తిప్పాడు.

"సర్కారు మనిషే మన పందిట్లో ఆకులందుకున్యాడు" అని మా అత్త ఈ కథను గొప్పగా ముగించేది. ఆ చాచిన చేతులు ఏమయ్యాయో ఆమె చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఊళ్ళో ఎవరి పెళ్లయినా తొలి తాంబూలం మాకే వచ్చేది. మా ఇంట్లో పెళ్లయితే మేం పిలిచిన అధికారికి పోయేది.

రాష్ట్రంలో ప్రభుత్వం మారిన మరుసటేడు నా మనవడి పెళ్లి. పందిరి వేస్తుంటే కావలోళ్ల ఇంటి పెద్దాయన వచ్చాడు. కంటి చూపు తగ్గింది, కర్ర లేకుండా మాత్రం నడుస్తాడు. నేను ఆయన్ను మామా అని పిలుస్తాను.

"కోడలా, ఒక మాట అడుగుదామని వచ్చినా. ఈతూరి తొలి తాంబూలం మా ఇంటికి ఇప్పియ్యి. నేను పోయినాంక మావోళ్లు అడగరులే. వాళ్లకీ ముచ్చటే తెల్దు."

నా కొడుకు మంచం మీద కూర్చుని సెల్లు నొక్కుకుంటున్నాడు. నవ్వాడు. "ఆకులేం జేసుకుంటావు తాతా. బియ్యం మూట పంపిస్తా."

"బియ్యం స్టోర్లో ఇస్తాండారు లేప్పా."

పందిరి గుంజలు పాతేవాళ్లు కూడా నవ్వారు. నా కొడుకు సెల్లు పక్కన పెట్టి, "సరేలే తాతా. ముందు నీకే ఇస్తా, పో" అన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

పెళ్లి రోజు ఆయన అందరికంటే ముందొచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. మడత నలగని కొత్త పంచె కట్టాడు. జంబుకానా మీద ముందు వరసలో కూర్చుంటే ఎవరో కుర్రవాడు, "ఏం మామా, పెండ్లికొడుకు నువ్వేనా ఏం?" అన్నాడు.

"మీ అత్త ఒప్పుకుంటే నేనే" అన్నాడాయన. ఆయన భార్య పక్క వరసలో ఆడవాళ్లలో కూర్చుని, "ఆ ఊడిన పండ్లు కట్టించుకోమను ముందు" అంది.

పెళ్లి చేయించే అయ్యవారు తాంబూలాలన్నాడు. నా కొడుకు ఇత్తడి పళ్లెం ఎత్తుకుని ఆయన వైపు నడిచాడు. ఆయన భుజం మీది తువ్వాలు దోసిట్లో పరిచి రెండు చేతులూ చాచాడు. వీధిలో సుమోలు ఆగాయి. తెల్లచొక్కాల మధ్య నుంచి కొత్త నాయకుడు పందిట్లోకి వచ్చాడు. ఆ ఏడాది రోడ్ల పనులన్నీ ఆయన చెప్పినవాళ్లకే దక్కుతున్నాయి. నా కొడుకు వాటి కోసం ఎన్నాళ్లుగానో తిరుగుతున్నాడు.

పళ్లెం తిరిగింది.

నాయకుడు ఆకులు తీసుకుని, చూడకుండానే వెనకనున్న డ్రైవరుకిచ్చి, ఫోనులో మాట్లాడుకున్నాడు. అక్షింతలు వేసి అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. పెద్దాయన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తరువాత ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నాడు, మొహం తుడుచుకోవడానికే తీసినట్టు. రెండో తాంబూలం నా కొడుకు తెచ్చిస్తే కుడిచేత్తో తీసుకుని పక్కన పెట్టుకున్నాడు. బంతిలో కూర్చుని అందరితో పాటు తిన్నాడు. వడ్డిస్తున్న నాతో, "వంకాయ బాగా కుదిరింది కోడలా" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఇంకో గరిటె వంకాయ వేసి పక్క ఆకుకు జరిగాను.

చుట్టాల సందడి సద్దుమణిగాక కొడుకును అడిగాను. "మాటిచ్చినావు గదా."

"నాకు రోడ్డు పని రావాల్నా, వద్దా? ఆయప్ప వచ్చి నిలబడుకొనుంటే ఇంగొకరికి ఇస్తారా ఎవురన్నా?"

"మీ తాతల నాటి మునసబు గూడా ఇట్లే అనుకోనుంటాడు."

"అయితే ఇంటి బుద్ధి తప్పలేదులే" అని నవ్వాడు. నా కోడలు లోపలికి వెళ్లిపోయింది. ఆ పెళ్లికి వచ్చిన వియ్యంకులకు కూడా సంగతి తెలిసిపోయింది. వాళ్ల ఎదుట కూర్చోవడం నాకు కష్టమైంది.

మరునాడు అదే ఇత్తడి పళ్లెంలో లేత ఆకులు ఏరి పెట్టి, వక్కలూ టెంకాయా పెట్టుకుని కావలోళ్ల ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం బిగిస్తున్నాడు. ఆయన కోడలు నాకు నీళ్లిచ్చింది. నేను పళ్లెం రెండు చేతులతో అందించాను.

"తప్పు జరిగింది మామా. ఇది తీసుకో."

ఆయన ఒక ఆకు తీసుకుని ఈనె గిల్లాడు. "ఆకు బాగుండాది. రైల్వేకోడూరు పక్క ఆకు మాదిరి ఉండాది. దీనికేమి, నమలొచ్చు." నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ అన్నాడు. "కోడలా, నేనడిగింది నలుగురి ముందర. ఇంటికాడ ఇచ్చేది చుట్టపు చూపుకొచ్చినోళ్లకు గూడా ఇస్తాం గదా. నువ్వు బాధపడొద్దులే. పిల్లోడు, పిల్ల బాగుండారా?"

బాగున్నారన్నాను. మిగతా ఆకులూ వక్కలూ టెంకాయా ఆయన కోడలి కొంగులో పెట్టి లేచాను. ఇంకో పెళ్లి వస్తుంది, అప్పుడిప్పిస్తానని చెప్పబోయాను. ఆయన వయసు చూసి ఆ మాట మింగేశాను.

తిరిగి వస్తుంటే అరుగు మీద బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్లు పలకరించారు.

"యాడికి పోయొస్తాండావక్కా, పళ్లెమెత్తుకోని?"

"యాడికీ లేదులే" అని ఖాళీ పళ్లేన్ని కొంగు కింద పెట్టుకుని ఇంటికి నడిచాను.