అత్తగారికి చదివిపెట్టిన నవల

మొన్న మా మనవరాలు నా చెవుల్లో ఏవో బుడిపెలు పెట్టి, కళ్లకు శ్రమెందుకు అమ్మమ్మా, నవల హాయిగా వినేయ్ అంది. అందులో ఎవరో అమ్మాయి పాత్రకో గొంతు పెట్టి ఎంత బాగా చదువుతోందో! మెచ్చుకోవాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో ఈ కుళ్లేమిటా అనుకుంటారేమో, నా కుళ్లు ఇవాళ్టిది కాదండీ.

ఎనభైల్లో, గుంటూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో, కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నంతసేపూ, అక్షరం రాని మా అత్తగారికి వారపత్రికలో వచ్చే సీరియల్ నవల నేనే చదివిపెట్టేదాన్ని. ఘాటుకు దగ్గుతూ చదివినా ఆవిడ చెవులప్పగించి వినేవారు. ఇంటెడు చాకిరీలో నేనంటూ ఒక మనిషినని నాకనిపించేది ఆ గంటసేపే. అలాంటిది, ఒంగోలు నుంచి మా తోడికోడలు కాపురానికొచ్చి పత్రిక అందుకుంది. నాయిక మాటలు గద్గదంగా, ఆమె మామ మాటలు బొంగురుగా చదివేసరికి అత్తగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. అది మిరపఘాటేనని నాకు నేను ఎంత చెప్పుకున్నా కడుపుమంట చల్లారలేదు.

తోడికోడలు పుట్టింటికి వెళ్లిన వారం పత్రిక మళ్లీ నా చేతికొచ్చింది. ఏం బుద్ధి పుట్టిందో, అందులో లేని మాటలు అల్లి, అత్తగారు ప్రాణంగా చూసుకునే ఆ నాయికకు విషజ్వరం తెప్పించి చంపేశాను. ఇక కథ అయిపోయినట్టే, ఆ తోడికోడలి గొంతుతో పనే ఉండదనుకున్నాను. అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. వారం తిరిగేసరికి తోడికోడలు వచ్చి కొత్త సంచిక తెరిస్తే, చచ్చిన పిల్ల నిక్షేపంగా కాఫీ కలుపుతోంది! అత్తగారు ఏరడం ఆపి నా వంక చూశారు.

"ఓసి నీ దుంపతెగ! నామీద కోపముంటే నన్ననొచ్చుగా, ఆ పిల్లనెందుకే చంపావ్?" అని పకపకా నవ్వి, "రా, ఈ వారం నువ్వే చదువు" అన్నారు.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల కొట్టేసినట్టయి, పొయ్యి మీద ఏదో ఉందని లేచి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆవిడ ఎన్నిసార్లు అడిగినా గొంతు బాగాలేదని తప్పించుకుంటూ వచ్చాను. కొన్నాళ్లకు ఆవిడ అడగడం మానేశారు.

ఇప్పుడు ఎవరికి కావాలన్నా ఎంత గొప్ప గొంతైనా చదివిపెడుతుంది, బతిమాలనక్కర్లేదు. నేను మధ్యలో లేచిపోయినా ఆ బుడిపెల్లోని అమ్మాయికి పట్టదు, ఇంకెవరి గొంతో విన్నానని ఉడుక్కోదు. మంచిదేలెండి. కానీ నా గొంతే కావాలని అడిగిన మనిషి నాకు ఒక్కరే ఉండేవారు, ఆవిడ చేత అడగడం మానిపించింది నేనే.