ఆర్థర్ గారికి నేను వేసిన కొసరు

చర్చిలో కొవ్వొత్తి ఆర్పగానే వచ్చే పొగవాసనకు అందరికీ ప్రార్థన గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం ఆర్థర్ గారి షెడ్డు గుర్తొస్తుంది. కరిగిన సీసంలో మడ్డి పైకి తేలాలని ఆయన చిన్న కొవ్వొత్తి ముక్క వేసేవారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మా పక్కింటి పెద్దాయన. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. పాతకాలపు తుపాకుల క్లబ్బులో సభ్యులు, తన గుండ్లు తనే పోసుకునేవారు. ఉత్త పేరుతో పిలవమని ఎంత చెప్పినా నాకు నోరు రాక, చివర 'గారు' తగిలించేదాన్ని.

ఒంగోలు నుంచి నర్సుగా వచ్చిన కొత్తలో, ఎవరూ తెలియక బిక్కుబిక్కుమంటుంటే నన్ను చేరదీసింది ఆయనే. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. "శనివారం నా ఆఖరి పోటీ. ఆ తర్వాత తుపాకీ వదిలేస్తా. గెలవక్కర్లేదు, పరువుగా ముగిస్తే చాలు" అన్నారు. గుండ్లు తూచే పని నాకిచ్చారు. "అన్నీ ఒకే బరువుండాలి, లవ్. తేడా ఉన్నవన్నీ మళ్లీ కరిగిద్దాం." 'లవ్' అంటే అక్కడివాళ్లకు మన 'అమ్మాయ్' లాంటి పిలుపు.

నేను కిరాణా కొట్టాయన కూతుర్ని. తూకం కాస్త మొగ్గితేనే ధర్మమని మా నాన్న దగ్గర మొట్టికాయలు తిని నేర్చుకున్నాను. తేలిక గుండ్లను నిర్దాక్షిణ్యంగా ఏరేశాను. బరువైనవి దొరికితే మాత్రం సంతోషంగా మంచి గుండ్ల డబ్బాలో వేశాను. పెద్దాయనకు కొసరు వేస్తున్నానని మురిసిపోయాను కూడా!

శనివారం పోటీకి ముందు ఆయన సాధనగా అయిదు గుండ్లు పేల్చారు. ఒకటి అటు, ఒకటి ఇటు. ఆయన ముఖం వాడిపోయింది. "ఇక ఈ చేతుల పని అయిపోయింది" అంటూ తుపాకీ సంచిలో పెట్టబోయారు.

"చేతులు కాదండీ, తప్పు నాది. బరువైనవి కూడా మంచి డబ్బాలో వేశాను."

"ఎందుకు?"

"మా ఊళ్లో ఎక్కువ తూస్తే పుణ్యం."

ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. సీసం పోసే అచ్చు గట్టిగా మూతపడకపోయినా గుండు బరువెక్కుతుందట. ఎక్కువైనా తక్కువైనా గురికి ఒకటేనట. క్లబ్బువాళ్ల కాటా అడిగి తెచ్చుకుని, ఇద్దరం కూర్చుని మళ్లీ అన్నీ తూచి, బరువైనవి ఏరేశాం. పోటీలో ఆయనకు ఆరో స్థానం వచ్చింది. కానీ గురి కాగితం మీద చిల్లులన్నీ ఒక టీ సాసర్ కింద దాచేయొచ్చు, అంత దగ్గరగా పడ్డాయి. ఆ కాగితాన్ని చుట్టుపక్కల అందరికీ చూపించి, నా పుణ్యం కథ కూడా చెప్పి నవ్వించారు.

ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు వార్డులో కొత్త నర్సులకు పని నేర్పుతున్నాను. ఎవరి పనిలోనైనా తప్పు దొర్లితే వాళ్లను ఒక్క మాట అనబోయే ముందు, వాళ్ల చేతికి నేనేం ఇచ్చానో చూసుకుంటాను.