ధర్మకాటాలో రెండో కూత

మాక్రోలంటే నాకు మొదటి నుంచీ పడదు. నాతోపాటు రాయచూరులో చిన్న ఆఫీసు పెట్టిన క్లాస్‌మేట్‌కు మాత్రం అవంటే ప్రాణం. వడ్ల మిల్లులకు, పత్తి మిల్లులకు తూకం ప్రోగ్రాములు రాసివ్వడం మా పని. అతనిది పోతనాళ వైపు, వలస రైతుల క్యాంపు. తాతల కాలంలో గోదావరి నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టిన కుటుంబం. నేనేమో రాయచూరు ఊళ్ళోనే పుట్టి పెరిగినదాన్ని. మాటతీరు దగ్గర్నుంచి ప్రోగ్రాము రాసే పద్ధతి దాకా మా ఇద్దరికీ ఏదీ కలిసేది కాదు, అయినా పని మాత్రం బాగానే నడిచేది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మాక్రో అంటే ప్రోగ్రాములో మనం పెట్టుకునే పొట్టి పేరు. 'ఈ పేరు ఎక్కడ కనిపించినా దాని బదులు ఈ వాక్యం పెట్టు' అని పైన ఒకచోట రాస్తాం. కంప్యూటర్ ఆ వాక్యాన్ని ప్రతిచోటా పొల్లుపోకుండా అతికిస్తుంది. అతికించేటప్పుడు ఆలోచించదు. మా ఇంట్లో 'రోజూ చేసినట్టే చెయ్యి' అంటే అందులో పది పనులుంటాయి. చెప్పేవాళ్ళకు నోటి శ్రమ తప్పుతుంది. కానీ ఆ రోజు ఇంట్లో పసిపిల్ల నిద్రపోతున్నా సరే, వేళకు మిక్సీ మోత మొదలవుతుంది.

లాభం లేదని నేననను. ఒక్కో మిల్లులో తూకం యంత్రం ఒక్కో రకం. అతను పైన ఒక్క మాట మార్చేవాడు, ప్రోగ్రామంతా కొత్త మిల్లుకు సరిపోయేది. నేనైతే అదే పనికి పొద్దుగూకేదాకా కూర్చునేదాన్ని. ఆ మాట అతను నాకు గుర్తుచేయని వారం లేదు.

తర్వాత అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆఫీసూ, అతని మాక్రోలూ నాకు మిగిలాయి.

పోతనాళ దగ్గర ఒక మిల్లులో, బండ్లను లోడుతో సహా తూచే ధర్మకాటా మీద మా మేనమామ పనిచేసేవాడు. బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండి, ఆ దుకాణం మూతపడ్డాక ఊరికే కూర్చున్నాడు. నేనే మిల్లు యజమానికి చెప్పి పెట్టించాను. మామకు కాటా అంటే భక్తి. ట్రాక్టరు కాటా ఎక్కగానే బయటికొచ్చి, "దిగున్రి, అందరు దిగున్రి! కాటా మీద మనిషుండొద్దు," అని అరిచేవాడు. అందరూ దిగాకే లోపలికెళ్ళి బటన్ నొక్కేవాడు. తూకం తీసుకున్నప్పుడు ప్రోగ్రాము ఒక కూత కూస్తుంది. ఆ కాటాలో మాత్రం రెండు కూతలొచ్చేవి. ఎందుకని ఎవరూ అడగలేదు. మొదటి కూత మిల్లుకి, రెండోది రైతుకి అని అక్కడివాళ్ళు అర్థం చెప్పుకున్నారు. మామ కొత్తవాళ్ళకూ అదే చెప్పేవాడు. ధర్మకాటా అంటే అట్లా ఉండాలని చుట్టుపక్కల క్యాంపుల్లో పేరు కూడా వచ్చింది.

ఒక పంట కోతల సమయంలో క్యాంపు రైతు ఒకాయన, అనుమానమొచ్చి, తన బండిని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి రోడ్డు మీది వేరే కాటాలో తూయించాడు. మన కాటాలో సుమారు ఒక బస్తా ధాన్యం తక్కువ వచ్చింది. మర్నాడు ఇంకో లోడుకూ అంతే. ఆయన మిల్లు గేటు దగ్గరే నిలబడి, అందరూ వింటుండగా మామను దొంగ అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. యజమాని నాకు ఫోన్ చేశాడు.

"సీజన్ మధ్యలో ఈ గోలేంటమ్మా? మీ మావయ్యని నాలుగు రోజులు ఇంటి దగ్గరే ఉండమనండి. తర్వాత చూద్దాం."

'తర్వాత చూద్దాం' అంటే ఏమిటో నాకు తెలుసు. అట్లా ఇంటికి పంపితే మామ దొంగేనని ఊరు తీర్మానించేస్తుంది. సాయంత్రందాకా సమయమివ్వమని అడిగి పోతనాళ బస్సెక్కాను.

కాటా గదిలో మామ కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. "నేనేం జేసిన బిడ్డా? బటన్ ఒత్తిన, గంతే," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మామ మీద కాదు.

ప్రోగ్రాము తెరిచి మొదటి నుంచి చదివాను. తప్పేమీ కనబడలేదు. వాన పడి ఆరినప్పుడు ఖాళీ కాటా ఒక్కోసారి సున్నా కంటే తక్కువ చూపిస్తుంది. అందుకని నా క్లాస్‌మేట్ 'చదివిన తూకం, సున్నా, ఈ రెంటిలో పెద్దది తీసుకో' అని రాశాడు. ఆ 'పెద్దది' అన్నది మాక్రో. చూడటానికి ముద్దుగా ఉంది. చివరికి విసుగొచ్చి, మాక్రోలన్నీ విప్పి అతికించిన రూపం చూపించమని కంప్యూటర్‌ను అడిగాను. కొండను తవ్వితే ఎలుక దొరికింది. 'తూకం చదువు' అన్నది ఒకే వరుసలో రెండుసార్లు ఉంది. సున్నాతో పోల్చడానికి ఒకసారి చదివి, పోల్చాక ఆ అంకెను పారేసి, చీటీ మీద వెయ్యడానికి మళ్ళీ చదువుతోంది. రెండు చదువులకు రెండు కూతలు, మధ్యలో అంకె నిలకడకు వచ్చేదాకా కొన్ని క్షణాలు.

నిండు బండికి దీనివల్ల నష్టం లేదు. డ్రైవరు దిగి, తేమ పరీక్ష చేసే చోటికి వెళ్ళిపోతాడు. ఖాళీ బండి దగ్గరే అసలు చిక్కు. ఇంటికి పోయే తొందరలో డ్రైవరు మొదటి కూతకే సీటెక్కుతాడు. మొదటి కూతతో మిల్లు తూకం అయిపోయిందని మామ కూడా ఏమీ అనేవాడు కాదు. చీటీ మీద పడేదేమో రెండోది. డ్రైవరు బరువంతా ఖాళీ బండి బరువులో కలిసి, రైతు ధాన్యంలోంచి పోయేది.

బెంగళూరుకు ఫోన్ చేసి అరిచాను.

"ఏంటే అలా అరుస్తావ్? లోకమంతా రాసేదే కదా అది," అన్నాడు క్లాస్‌మేట్.

"లోకం సంగతి తర్వాత. ఇక్కడ మా మామను దొంగంటున్నరు."

"యజమానితో నేను మాట్లాడతాను. తప్పు నాదని చెప్తాను," అన్నాడు. చెప్పాడు కూడా. మాక్రోల మీద కోపం పోలేదు గానీ అతని మీద పోయింది.

మాక్రో తీసేసి, ఒక్కసారే చదివేట్టు రాశాను. సాయంత్రం ఆ రైతునూ మిగతావాళ్ళనూ పిలిచి, పాత ప్రోగ్రాముతోనే ఒక ఖాళీ బండిని తూయించాను. డ్రైవర్ని మొదటి కూతకు ఎక్కించాను, ఇంకోసారి రెండో కూతదాకా కిందే ఉంచాను. రెండు చీటీలూ అందరూ చూశారు. మాక్రో అన్న మాట కూడా నేనెత్తలేదు. తర్వాత కొత్త ప్రోగ్రాము పెట్టాను. కాటా ఒక్క కూత కూసి ఊరుకుంది.

"మరి మా కూతేదమ్మా?" అన్నాడు ఆ రైతే.

రెండో కూతే మీ ధాన్యం తిన్నదని ఎంత చెప్పినా వినలేదు. ఒక్క కూత కాటాలో తూయించేది లేదని తక్కినవాళ్ళు బండ్లు వెనక్కి తిప్పబోయారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామ నా పక్కకొచ్చి, "ఇయ్యి బిడ్డా, వాళ్ళ కూత వాళ్ళకియ్యి," అన్నాడు. అక్కడే కూర్చుని, రెండుసార్లు చదివి, రెండూ కలిస్తేనే చీటీ ఇచ్చేట్టు మార్చాను. డ్రైవరు తొందరపడి ఎక్కితే ఇక చీటీ రాదు. క్లాస్‌మేట్‌కు చెబితే, తన తప్పు సరైనదేనని తేలిందన్నాడు. ఫోన్ పెట్టేశాను.

జనం కదులుతుంటే ఆ రైతు మామ ముందుకొచ్చాడు. "తప్పు యంత్రానిదండీ. మీరు దొంగ కాదు. అనరాని మాటన్నాను," అన్నాడు.

"తెలుగుల చెప్పిన్రు, బాగనే ఉంది," అన్నాడు మామ. "కానీ ఆ మాట తెలుగుల ఆగలే. చాయ్ హోటల్ల కన్నడల అన్నరు. డ్రైవర్లు ఉర్దూల అన్నరు. గా రెండిట్ల గూడ చెప్పున్రి."

రైతు గేటు దగ్గరి చాయ్ హోటలు వైపు తిరిగి, "ఇవ్రు కళ్ళ అల్ల," అని, ఈయన దొంగ కాదని, కన్నడలో గట్టిగా అన్నాడు. మళ్ళీ మామ వైపు తిరిగి, "ఉర్దూ నాకు రాదండీ," అన్నాడు.

"నేన్ చెప్త. నా ఎనక అనున్రి. ఇనో..."

"ఇనో," అన్నాడు రైతు.

"చోర్..."

"చోర్."

మిగిలిన ఒక్క మాట, 'కాదు' అన్నది, మామ నోట్లోంచి రాలేదు. పెదవులు కదులుతున్నాయి, అంతే. అంతదాకా పట్టుదలగా నిలబడ్డ మనిషి నా కళ్ళ ముందే ముసలివాడైపోయాడు. నాకు దుఃఖమొచ్చింది. రైతు ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"నై," అన్నాడు ట్రాక్టరు మీద కూర్చున్న డ్రైవరు. "ఇనో చోర్ నై."

రైతు ఆ మాటను మొదటి నుంచీ మళ్ళీ, అందరికీ వినబడేట్టు చెప్పాడు.